మా అత్తమ్మకు వాళ్ళమ్మ నేర్పిన మాట

సైనిక్‌పురిలో మా ఇంటి పై గది చాలాకాలం ఖాళీగా ఉండేది. మా మామయ్య ఉన్నప్పుడు ఆయన పటాలం స్నేహితులు వస్తే అందులో దిగేవారు. ఆయన పోయాక అందులో పాత పరుపులు, కుట్టుమిషను, కాళ్ళు ఊడిన కుర్చీలు చేరాయి. మా ఆయన రిటైరయ్యాక దాన్ని ఖాళీ చేయించి, సున్నం వేయించి, అద్దెకు ఇస్తామని గేటుకు అట్టముక్క కట్టాడు. దాన్ని చూసి మొదట లోపలికి వచ్చింది ఒక పరిశోధక విద్యార్థిని.

ఆ అమ్మాయిది విశాఖపట్నం. యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. హాస్టల్లో గడువు అయిపోయిందట. కూర్చుని రాసుకోవడానికి చప్పుడు లేని గది కావాలంది. అద్దె, నీళ్ళు, కరెంటు సంగతులు మా ఆయన మాట్లాడాడు. మిగతా విచారణంతా మా అత్తమ్మది. ఆమె కంటోన్మెంట్ పిల్లలకు ముప్ఫై ఏళ్ళకు పైగా చదువు చెప్పిన మనిషి. అప్పటికే ఎనభైకి దగ్గర పడింది. అయినా ఎవరిని చూసినా క్లాసులో నిలబెట్టి అడిగినట్టే అడుగుతుంది.

దేని మీద పరిశోధన అని అడిగింది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళ మీద అని ఆ అమ్మాయి చెప్పింది. ఒకప్పుడు గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఎంతోమంది ఓడలెక్కి రంగూన్ వెళ్ళారట. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారట. రెండో ప్రపంచ యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడినప్పుడు కొందరు ఓడల్లో, చాలామంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచీ తిరిగొచ్చారట. వాళ్ళను కాందిశీకులు అనేవారు. విశాఖలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉందని, తన ముత్తాత కూడా రంగూన్ రేవులో మూటలు మోసినవాడేనని చెప్పింది.

"పోయినోళ్ళు పోయారు, వచ్చినోళ్ళు వచ్చారు. ఇప్పుడు దాన్ని తవ్వి ఏం చేస్తవమ్మా?" అంది అత్తమ్మ.

అత్తమ్మ మాట ఎప్పుడూ అంతే. కోస్తా యాసలో మొదలై, మధ్యలో సికింద్రాబాద్‌లోకి దిగుతుంది.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఇంతకుముందు రాసినవాళ్ళు ఎంతమంది వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు అని రాశారనీ, ఇప్పుడు రాసేవాళ్ళు ఆ ఇళ్ళల్లో ఏం మిగిలిందని అడుగుతున్నారనీ చెప్పింది. ఏ వంట మిగిలింది, ఏ మాట మిగిలింది, ఏ భయం మిగిలింది అని. దేశాల సరిహద్దుల దగ్గర చరిత్ర ఆగిపోకుండా, సముద్రానికి రెండు ఒడ్డులనూ కలిపి చూడాలని ఈ మధ్య చాలామంది పని చేస్తున్నారట. అందుకోసం తాను బర్మీస్ కూడా నేర్చుకుంటున్నానంది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నేను చెప్పే పాఠాల్లో రంగూన్ ఒకేచోట వచ్చేది. చివరి మొగల్ చక్రవర్తిని అక్కడికి పంపించేశారని ఒక వాక్యం. బోర్డు మీద రాసి ముందుకు పోయేదాన్ని. అక్కడ మూటలు మోసిన తెలుగువాళ్ళు ఉన్నారని ఏనాడూ ఆలోచించలేదు. సాయంత్రం టీ పెట్టుకుని ఆ అమ్మాయి చెప్పేవి వినడం నాకు అలవాటైంది. ఉదయం పూట పై గది కిటికీలోంచి బర్మీస్ పాఠం వినిపించేది. ఫోన్లో వాళ్ళ టీచరు ఒక మాట అంటే, ఈ అమ్మాయి అదే మాట పదిసార్లు అనేది. నేను స్కూలుకు తయారవుతూ ఆ చప్పుడు వినేదాన్నే కానీ ఒక్క మాట కూడా చెవికి పట్టేది కాదు. అత్తమ్మ గది ఇంటికి వెనకవైపు. ఆమెకు ఆ పాఠాలు వినిపించేవి కావు.

ఇక్కడ అత్తమ్మ గురించి కొంత చెప్పాలి. ఆమె కోస్తాలో ఒక మిషన్ హాస్టల్లో పెరిగింది. నాలుగైదేళ్ళ వయసులో ఎవరో తెచ్చి అక్కడ అప్పగించారు. అంతకు కొద్దిరోజుల ముందే వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. నాన్న ఎవరో తెలియదు. అమ్మ పేరూ తెలియదు. పిల్లకు అమ్మ పేరు అమ్మే కదా. హాస్టల్లోనే చదువుకుని, టీచర్ ట్రైనింగ్ అయ్యి, పటాలంలో గుమస్తాగా ఉన్న మా మామయ్యను పెళ్ళి చేసుకుని సికింద్రాబాద్ వచ్చింది. ఇంట్లో తన చిన్నతనం సంగతి ఎత్తేది కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు.

వాళ్ళమ్మ నుంచి ఆమెకు మిగిలింది ఒక్క మాట. అది కూడా మాట అని ఎవరం అనుకోలేదు. పసిపిల్లలకు అన్నం తినిపించేటప్పుడు అత్తమ్మ ముద్ద పట్టుకుని "తమిన్సా పీబీలా?" అనేది. పిల్లలు "సాపీబీ" అనాలి. అంటే ముద్ద నోట్లోకి వెళ్ళేది. మా ఆయన చిన్నప్పుడు అలాగే తిన్నాడు. మా అమ్మాయి అలాగే తింది. పిల్లలను నవ్వించడానికి అనే అర్థం లేని మాటలు ప్రతి ఇంట్లో ఉంటాయి. మా ఇంట్లో ఇదొకటి అనుకున్నాను. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒకసారి అడిగితే, మా అమ్మ అట్ల అనేది, అంతే, అంది అత్తమ్మ.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాం. బొల్లారంలో ఉండే మా అమ్మాయి తన బిడ్డను తీసుకుని వచ్చింది. పాపకు రెండేళ్ళు నిండుతున్నాయి. పప్పన్నంలో నెయ్యి వేసి కలుపుకుని అత్తమ్మ వరండాలో కూర్చుంది. పాప తూనీగల వెంట పోతోంది. అప్పుడే పై గది అమ్మాయి, ముందురోజు మేమిచ్చిన కూర గిన్నె కడిగి తిరిగివ్వడానికి మెట్లు దిగుతోంది.

అత్తమ్మ ముద్ద ఎత్తి పాపను పిలిచి ఆ మాట అంది. పాప వెనక్కి తిరిగి "సాపీబీ" అంది.

ఆ అమ్మాయి మెట్టు మీదే నిలబడిపోయింది. కాలికేమైనా గుచ్చుకుందేమోనని నేను లేచాను. ఆమె దిగివచ్చి అత్తమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"మామ్మగారూ, ఇప్పుడు పాపతో ఏమన్నారండీ? ఇంకోసారి అంటారా?"

ఆ అమ్మాయి తనను ఆట పట్టిస్తోందని అత్తమ్మ అనుకుంది. పిల్లల మాటలే, నీకెందుకు అంది. ఆ అమ్మాయి బతిమాలింది. అత్తమ్మ ఇంకోసారి అంది.

"ఇది మీకు ఎవరు నేర్పారండీ?"

"ఎవరు నేర్పుతరు? మా అమ్మ అనేది."

చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇది బర్మీస్ అండీ. తమిన్ అంటే అన్నం. సా అంటే తినడం. అన్నం తిన్నావా అని అడగడం. పాప చెప్పింది దానికి జవాబు. తినేశాను అని."

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ముద్ద అత్తమ్మ చేతిలో అలాగే ఉంది. పాప వచ్చి నోరు తెరిచి నిలబడేసరికి దాని నోట్లో పెట్టింది. మిగిలిన అన్నమంతా మాట లేకుండా తినిపించి, మూతి తుడిచి, చెయ్యి కడుక్కుని, పడుకుంటానని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె గది తలుపు తీయలేదు. టీకి మాత్రం తీసి, గ్లాసు అందుకుని మళ్ళీ వేసుకుంది. మా ఆయన అటూ ఇటూ తిరిగాడు. పెద్దమనిషిని అనవసరంగా పరేషాన్ చేశామా అన్నాడు. పై అమ్మాయి రెండుసార్లు దిగివచ్చి, నేను తొందరపడ్డానా ఆంటీ అని అడిగింది.

మర్నాడు పొద్దున నేను స్కూలుకు బయల్దేరుతుంటే అత్తమ్మ మెట్లెక్కుతూ కనబడింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఆ మెట్లు ఎక్కి కొన్నేళ్ళయింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతోంది. బ్యాగు కింద పెట్టి వెనకే వెళ్ళాను. ఆ అమ్మాయి తలుపు తీసి గాభరాపడి కుర్చీ వేసింది. అత్తమ్మ కూర్చోలేదు.

"మా అమ్మ బర్మా మనిషా?" అని అడిగింది.

అవునని చెప్తే బాగుండునని నాకు అనిపించింది. ఒక్క మాట, అంతే. కానీ ఆ అమ్మాయి అలా చెప్పలేదు.

"తెలియదండీ మామ్మగారూ. బర్మా ఆవిడ కావచ్చు. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు అక్కడి ఆడవాళ్ళను చేసుకోవడం ఉండేది. లేదంటే మన తెలుగావిడే అక్కడ పుట్టి పెరిగి ఉండొచ్చు. పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకుని ఉండొచ్చు. ఒక్క మాటను బట్టి ఏదీ చెప్పలేను. ఆవిడ ఆ భాష వినిపించే చోట బతికిందని మాత్రం గట్టిగా చెప్పగలను."

ఆ నిమిషం నాకు కోపం వచ్చింది. ఒక ముసలావిడ ఇన్ని మెట్లెక్కి వస్తే, కావచ్చు, ఉండొచ్చు అని చదువుకున్న మాటలు చెప్తుందేమిటి అనుకున్నాను. అత్తమ్మ మాత్రం తల ఊపింది. అప్పుడు కూర్చుంది. మంచినీళ్ళు అడిగి తాగింది.

"మంచిది. తెలిసింది తెలిసినట్టు చెప్పినవ్. చిన్నప్పుడు హాస్టల్ల ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పిండ్రు నాకు. ఏదీ నిజం కాదని పెద్దయ్యాక తెలిసింది" అంది.

ఆ తర్వాత నాకు అర్థమైంది. అత్తమ్మకు కావలసింది అవును అనే మాట కాదు. తనకు చెప్పేది నిలబడాలి, రేపు ఎవరో వచ్చి కాదంటే కూలిపోకూడదు. ఆ అమ్మాయి అలా తూచి తూచి చెప్పడమే మా ఇంటికి చేసిన మేలు.

ఆ హాస్టల్ ఎప్పుడో మూతపడింది. అక్కడ చదివినవాళ్ళ గురించి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి తెలిసినవాళ్ళందరినీ అడిగి చూసింది, లాభం లేకపోయింది. చివరికి తన బర్మీస్ టీచరుతో మాట్లాడిస్తానంది. రంగూన్‌లో ఉండే పెద్దావిడ. అక్కడ కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు కాబట్టి, ఉన్నప్పుడే పిలుస్తుందని చెప్పింది. అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని రెండు రోజులు సిద్ధంగా కూర్చుంది.

ఒక సాయంత్రం ఫోన్లో ఆవిడ ముఖం కనిపించింది. నెరిసిన జుట్టు, చెంపల మీద గంధంలాంటి పూత. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముందు ఊరికే నవ్వారు. అత్తమ్మ ఆ మాట అంది. ఆవిడ వింది, మళ్ళీ అడిగింది, మళ్ళీ వింది. తర్వాత అదే మాట ఆవిడ అంది. అత్తమ్మ అనేదానికీ ఆవిడ అనేదానికీ తేడా నా చెవికే తెలిసింది. మా ఇంట్లో అది గట్టిపడి ఒక్క ముద్ద అయిపోయింది. ఆవిడ నోట్లో అది మెత్తగా, విడివిడిగా, చివర సాగుతూ వచ్చింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని వింది. డెబ్భై ఏళ్ళ తర్వాత ఆ మాట ఇంకో మనిషి నోట వినడం అదే మొదలు.

తమ దగ్గర ఇంటికి ఎవరు వచ్చినా అలా పలకరిస్తారని ఆవిడ చెప్పిందట. బాగున్నారా అనడానికి బదులు అన్నం తిన్నారా అంటారట. మేమూ అంతేనని చెప్పమంది అత్తమ్మ. అమ్మను ఏమంటారు అని కూడా అడిగించింది. "అమే" అంటాం, చిన్నపిల్లలు "మేమే" అంటారు అని జవాబు. అత్తమ్మ ఆ రెండు మాటలూ నోట్లో తిప్పి చూసుకుంది. మేము ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాం.

"గుర్తొస్తలేదు" అంది కొంతసేపటికి. "అట్ల పిలిచిన్నో లేదో గుర్తొస్తలేదు. పోనీ."

ఆ రోజు ఏడ్చింది మా ఆయన. వరండాలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు.

ఆ అమ్మాయి తన వ్యాసంలో ఈ సంగతి రాసుకోవచ్చా అని అత్తమ్మను అడిగింది. పేరు లేకుండా, ఇల్లు తెలియకుండా రాస్తానంది. రాసినాక చదివి వినిపించు, అప్పుడు చెప్తా అంది అత్తమ్మ. కొన్ని వారాల తర్వాత ఆ అమ్మాయి కాగితాలతో కిందికి వచ్చింది. ఇంగ్లీషులో రాసినదాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ పోయింది. సికింద్రాబాద్‌లో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని అని మొదలైంది. అనాథగా పెరిగిన ఈమె అని వచ్చేసరికి అత్తమ్మ చెయ్యెత్తింది.

"అనాథ అని రాయకమ్మా. అనాథ అంటే ఎవ్వరూ లేనోళ్ళు. నాకు అమ్మ ఉండె. నా నోట్ల ముద్ద పెట్టి, తిన్నవా అని అడిగింది. ఇన్నాళ్ళు నాకు తెల్వక నేనే అనాథనని చెప్పుకున్న. ఇప్పుడు తెలిసింది కద."

ఆ అమ్మాయి కలం తీసి ఆ మాట కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలని అడిగింది. చిన్నతనంలో తల్లి చనిపోయింది అని రాయి, ఉన్నది అదే కద, అంది అత్తమ్మ. వ్యాసం అచ్చయి వచ్చినప్పుడు నేను చూశాను. అలాగే ఉంది. ఎక్కడెక్కడి పండితులో చదివే పత్రికలో, ఒక వాక్యం మా అత్తమ్మ చెప్పినట్టు ఉంది.

మా క్రైస్తవ కుటుంబాల్లో, పోయినవాళ్ళ కోసం ఏడాదికోసారి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. పాటలు, ప్రార్థన, తర్వాత భోజనం. అత్తమ్మ మా మామయ్యకు పెట్టేది, తన అత్తగారికి పెట్టేది, పొరుగువాళ్ళ ఇళ్ళల్లో కూడికలన్నిటికీ వెళ్ళి పాటలు ఎత్తుకునేది. వాళ్ళమ్మకు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. పేరు తెలియదు, తారీఖు తెలియదు, ఏమని పిలిచి పెట్టాలి? ఆ ఏడు వానలు వెలిశాక, మా అమ్మకు కూడిక పెడదాం అని తనే అంది. తారీఖు ఏదని మా ఆయన అడిగితే, మీకందరికీ సెలవు ఉన్న శనివారం చూడు అంది.

ముందురోజు నేనూ ఆ అమ్మాయీ మోండా మార్కెట్‌కు వెళ్ళాం. కొత్తిమీర, పుదీనా, కొబ్బరికాయలు, ఉల్లిగడ్డలు తీసుకుని ఆటోలో వేసుకుని వచ్చాం. కొబ్బరిపాలలో కోడికూర వండి, నూడుల్స్ మీద పోసుకుని తినే బర్మా వంట ఒకటి ఆ అమ్మాయి వాళ్ళ నానమ్మ చేసేదట. అది తను చేస్తానంది. ఆ శనివారం పొద్దుటి నుంచి మా వంటింట్లో శనగపిండి వేయించిన వాసన, కొబ్బరి వాసన. ముందుగా ఒక చిన్న గిన్నెలో పోసి అత్తమ్మకు ఇచ్చింది. ఆ రుచికి ఏదో ఒకటి గుర్తొస్తుందని మా అందరికీ ఆశ. అత్తమ్మ రెండు చెంచాలు తిని ఆలోచించింది.

"జెర ఉప్పు తక్కువైంది" అంది.

అందరం నవ్వాం. ఆ అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది.

చర్చి నుంచి పాస్టరుగారు వచ్చారు. ప్రార్థనలో చెప్పడానికి పేరు అడిగారు. అమ్మ అనండి, దేవుడికి తెలుసు ఎవరో, అంది అత్తమ్మ. ఆయన అలాగే అన్నారు. పాట అత్తమ్మే ఎత్తుకుంది. గొంతు పైస్థాయిలో వణికినా ఆపలేదు. తర్వాత లేచి నిలబడి, తనకు వాళ్ళమ్మ గురించి తెలిసినదంతా చెప్పింది. నాలుగు మాటల్లో అయిపోయింది. ఓడలోనో నడిచో వచ్చింది, జ్వరంతో పోయింది, నాకు అన్నం పెట్టింది, ఈ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. అంత చెప్పి, పై గది అమ్మాయిని పక్కకు పిలిచి తల మీద చెయ్యి పెట్టింది.

ఆ అమ్మాయి పీహెచ్‌డీ ముగించుకుని వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. గది ఖాళీ చేసిన రోజున అత్తమ్మ రెండు పచ్చడి సీసాలు కట్టి ఇచ్చి, గేటు దాకా నడిచి సాగనంపింది. నేను ఆ అమ్మాయికి ఎన్నోసార్లు థాంక్స్ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది చాలదనిపించింది. నాకు చేతనైనది ఒకటి చేస్తున్నాను. ఇప్పుడు రంగూన్ పాఠం వచ్చినప్పుడు బోర్డు దగ్గర ఆగుతాను. మీ నానమ్మా తాతయ్యా ఏ ఊరి నుంచి వచ్చారో, వాళ్ళు మాట్లాడే ఏ మాట మీకు అర్థం కాదో అడిగి రండి అని పిల్లలకు చెప్తాను. సికింద్రాబాద్ పిల్లలు కాబట్టి మరాఠీ, తమిళం, మలయాళం, దక్కనీ, గోండి కూడా వస్తాయి క్లాసులోకి. ఆ గంట పాఠం ముందుకు సాగదు. నాకు ఆ తొందర కూడా లేదు.

నిరుడు రెండోసారి కూడిక పెట్టినప్పుడు, మా వెనక వీధిలో ఉండే పంజాబీ ఆవిడ కూడా వచ్చింది. ఆమె భర్త, మా మామయ్య ఒకే కాలంలో పటాలంలో పనిచేశారు. ఆవిడ ఎప్పుడూ సల్వార్ మీద తెల్ల దుపట్టా వేసుకుని ఉంటుంది, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. పాటలు అయ్యేదాకా వెనక కుర్చీలో కూర్చుని, ప్రార్థనకు ముందు లేచి అత్తమ్మ దగ్గరికి వచ్చింది. దేశ విభజనప్పుడు దారిలో తన తల్లి తప్పిపోయిందనీ, ఏ రోజో తెలియక తానూ ఎన్నడూ ఏమీ చేయలేదనీ హిందీలో చెప్పింది. నీ అమ్మతో పాటు మా అమ్మను కూడా తలుచుకోవచ్చా అని అడిగింది.

అత్తమ్మ పాస్టరుగారి వైపు తిరిగి, ఇద్దరు అమ్మలని చెప్పమంది. తన పక్క కుర్చీలో ఉన్న మా ఆయనను లేపి, ఆవిడను అక్కడ కూర్చోబెట్టుకుంది.